పెన్న నీటిపై ఒక పలక

ఈ ఏడు మా సంఘపు యౌవనస్థుల కూటము దసరా సెలవులలో గండికోటలో జరపాలని పెద్దలు తీర్మానించారు. ప్రార్థనలు, పాటలు, వాక్యధ్యానము, భోజనాలు, అన్నిటికీ ఏర్పాట్లు అయినాయి. ఇంతలో మద్రాసులో ఉద్యోగం చేస్తున్న మా అక్క కొడుకు, తాను కొత్తగా కొన్న పలకను కూడా తెస్తానన్నాడు. నీటి మీద ఆ పలక వేసి, దానిపై నిలబడి, పొడుగాటి తెడ్డుతో నీటిని వెనక్కు తోస్తూ పోవాలి. సముద్రంలోనైతే నిలబడినట్టే అలనెక్కి ఒడ్డుకు రావచ్చునట. స్టాండప్ పాడిల్ బోర్డు అని దాని పేరు.

పిల్లలను దాని మీదికి ఎక్కనివ్వవచ్చునా అని తల్లులు అడిగారు. ఇది లోకసంబంధమైన ఆట కాదా అని ఒక పెద్దాయన అడిగారు. రెండూ అడగదగిన ప్రశ్నలే. చూడని దాన్ని గురించి అవుననడమూ కాదనడమూ సరికాదు గనుక, నేనే ఎక్కి చూసి చెప్తానన్నాను. యాభై దాటినవాణ్ణి, 78 కిలోల మనిషిని. నన్ను మోస్తే పిల్లలను మోయదా అని మా ఇంట్లో వాళ్లు నవ్వుకున్నారు.

పలక ప్రొద్దుటూరికి ఒక సంచిలో వచ్చింది. బంగారు అంగళ్ల వీధి దాటి మా ఇంటికి ఆటోలో తెచ్చుకున్నాము. విప్పితే చుట్టిన చాపలాగా ఉంది. పంపుతో గాలి కొడితే పది నిమిషాలలో గట్టి బల్ల అయింది. పొడవు 10 అడుగుల 6 అంగుళాలు, వెడల్పు 32 అంగుళాలు, మందం 6 అంగుళాలు, బరువు 9 కిలోలు. గాలి కొడితే గుండ్రంగా ఉబ్బకుండా బల్లపరుపుగా ఎట్లా ఉంటుందని అడిగాను. లోపల పైపొరకూ కింది పొరకూ మధ్య వేలకొద్దీ దారాలు నిలువుగా కుట్టి ఉంటాయట. మన అవ్వలు బొంత కుట్టరా, అటువంటిదే. ఆ దారాలే ఉబ్బనివ్వవు. దీనిలో గాలి 12 నుండి 15 పౌండ్ల దాకా పట్టిస్తారు. కారు టైరులో పట్టించే దానిలో ఇంచుమించు సగం.

మా ఎండలకు ఒక మాట చెప్పాలి. పూర్తిగా గాలి కొట్టిన పలకను కడప ఎండలో గట్టు మీద వదిలేస్తే, లోపలి గాలి వేడెక్కి వ్యాకోచించి అతుకులు విడిపోతాయి. నీటిలో లేనప్పుడు నీడన పెట్టాలి, లేదా కొంత గాలి వదిలేయాలి. ధర సంగతి అడిగేవారికి, ఇటువంటిది ఒక మంచి పాడి ఆవు ధరకు దగ్గరగా ఉంటుంది. పాలియ్యదు. కాబట్టి ఇంటింటా కొనదగిన వస్తువు కాదని ముందే చెప్పేస్తున్నాను.

జమ్మలమడుగుకు ఉదయమే బయలుదేరాము. నాతో మా అమ్మాయి వచ్చింది. దానికి పద్నాలుగేండ్లు, ఈత రాదు. ఆ మాటకొస్తే మా వీధిలో దాని ఈడు పిల్లలెవరికీ రాదు. ఇది కొంచెం ఆలోచించవలసిన సంగతి. మా నాయన తరంలో ఈత రాని మగపిల్లవాడు ఊళ్లో అరుదు. ప్రతి చేనిలో మోటబావి ఉండేది. ఎండిన సొరకాయ బుర్రలు రెండు తాడుతో నడుముకు కట్టి, మామనో చిన్నాయనో బావిలోకి తోసేవాడు. నాలుగు రోజులకు బుర్రలు విప్పేవారు. నేనూ అట్లానే నేర్చుకున్నాను. తర్వాత బోర్లు వచ్చినాయి. రెండు వందల అడుగులు, నాలుగు వందలు, ఆపైన ఇంకా లోతుకు పోయినాయి. పైనీరు ఇంకిపోయి బావులు ఎండిపోయినాయి. కొన్నిటిని పూడ్చేశారు, కొన్నిటిలో ముళ్లకంప నిండింది. బావితోపాటు ఈత కూడా పోయింది. ఒక తరం నీళ్లు చూడకుండానే పెరిగింది.

ఇప్పుడు అదే నేల మీదికి నీళ్లు వచ్చినాయి. కృష్ణ వరద నీరు శ్రీశైలం నుండి పోతిరెడ్డిపాడు దగ్గర మళ్లి, గోరకల్లు, అవుకు మీదుగా గండికోట చేరుతున్నది. గండికోట జలాశయం సామర్థ్యం 26.85 టి.ఎం.సి.లు. మైలవరం సుమారు 10, పులివెందుల వైపు చిత్రావతి రిజర్వాయరు మరో 10, పైడిపాలెం 6. చీనీతోటలకు ప్రాణం లేచివచ్చింది, దేవునికి స్తోత్రము. కానీ నీళ్లు తెలియని పిల్లల ముంగిట్లో ఇంత నీరు నిలిచిందని మనలో ఎంతమంది తలంచారు? పెన్నలో ఇసుక తోడిన గుంతలు పైకి మోకాలి లోతులాగా కనబడతాయి. ఒక అడుగు ముందుకు వేస్తే మనిషి లోతు. అట్లా పోయిన పిల్లల సమాధి ఆరాధనలకు నేను వెళ్లాను. ఆ తల్లుల ముందు ఏ వాక్యమూ నోట రాదు.

జమ్మలమడుగులో లండన్ మిషన్ వారి కాలపు క్యాంబెల్ ఆసుపత్రి చూసి (మా అవ్వ కాన్పులన్నీ అక్కడే), గండికోట దారి పట్టాము. పదిహేను కిలోమీటర్లు. కోట సంగతి పాఠకులకు తెలిసిందే. ఎర్రమల కొండలను పెన్న నిలువునా కోసిన చోటది. అంచున నిలబడితే ఎర్రని రాతి గోడల నడుమ నీళ్లు ఆకుపచ్చగా, కదలకుండా కనబడతాయి. మాధవరాయ గుడి, జామియా మసీదు, ధాన్యపు కొట్టు, అన్నీ ఆ ఎర్రరాతివే. కోటకు ఎగువన గండికోట జలాశయం, దిగువన మైలవరం జలాశయం.

మా అల్లుడు ఎగువ నీటి మీద ఆశపడ్డాడు, విశాలంగా ఉందని. నేను వద్దన్నాను. 2020లో నీటిమట్టం పెంచినప్పుడు తాళ్లప్రొద్దుటూరువాళ్లు తలుపులు, కిటికీలు ఊడబెరుక్కుని ట్రాక్టర్లకెక్కించుకుని పోవలసి వచ్చింది. వీధులు, కొట్టాలు, పుట్టిన ఇండ్లు ఆ నీటి కిందికి పోయినాయి. ఆ నీటివల్ల మనకు పంట పండుతున్నది, నిజమే. అయినా ఆ ఇండ్ల మీద ఆట పలక వేయడానికి నాకు మనసొప్పలేదు. వాడు మారు మాట్లాడలేదు.

మైలవరానికి వెళ్లి, నీటిపారుదల శాఖ వారిని అడిగి, వారు చూపిన చోట, కట్టకూ తూములకూ దూరంగా దిగాము. తూముల దగ్గర నీరు పైకి నిశ్చలంగా ఉన్నా కింద లాగుతుంది. అక్కడికి ఈతగాడు కూడా పోరాదు.

లైఫ్ జాకెట్టు బిగించుకున్నాను. పలక తోకకున్న తాడును కాలి మడమ దగ్గర కట్టుకున్నాను. గాలి తోసేస్తే పలక మనిషికంటే వేగంగా పోతుంది. ఈ తాడు లేకపోతే పడినవాడు ఒకచోట, పలక ఒకచోట. అయితే పారే ఏటిలో ఈ కాలితాడే ప్రమాదం. చెట్టుకొమ్మకో రాతికో చిక్కుకుంటే మనిషిని నీటిలో పట్టి ఉంచుతుంది. అక్కడ నడుముకు కట్టుకుని, ఒక్క లాగుతో ఊడివచ్చే తాడు వాడాలి. ఈ తేడా తెలియకుండా దిగేవారిని చూశాను కాబట్టి చెబుతున్నాను.

"ముందు మోకాళ్ల మీద కూచో మామా. తొందరపడాకు" అన్నాడు వాడు. నాలుగు బారలు మోకాళ్ల మీదనే పోయి, తర్వాత ఒక్కొక్క పాదం మోపి లేచాను. కాళ్లు వణికినాయి. వణికేది కాళ్లు కాదు, కింద పలక అనిపిస్తుంది.

"కింద చూడాకు మామా. గట్టు చూడు."

అంతే చిత్రం. పాదాలను చూసినంతసేపు వణుకు, దూరపు కొండను చూడగానే పలక కుదురుకుంది. మత్తయి సువార్త 14లో పేతురు సంగతి మీకు తట్టే ఉంటుంది, నాకూ తట్టింది. తెడ్డు విషయంలో ఒక చిక్కుంది. దాని ఆకు కొంచెం వంగి ఉంటుంది. కొత్తవాళ్లు ఆ వంపు తమ వైపు ఉండాలనుకుని గరిటెలాగా పట్టుకుంటారు. ఆ వంపు ముందు వైపుకు ఉండాలి. అప్పుడే తెడ్డు నీటిని పైకి ఎత్తకుండా వెనక్కు తోస్తుంది. తెడ్డు పొడవు, నిలకడ నీటికైతే మనిషి ఎత్తుకు ఎనిమిది పది అంగుళాలు ఎక్కువ. సముద్రపు అలలకైతే నాలుగారు అంగుళాలే ఎక్కువ. అక్కడ వంగి పనిచేయాలి గనుక.

రెండుసార్లు పడ్డాను. పడేటప్పుడు పలక మీద పడకుండా పక్కకు, వెల్లకిలా చాపలాగా పడమని వాడు ముందే చెప్పాడు. లోతు తెలియని నీటిలో కాళ్లు కిందికి పెట్టి దూకితే రాళ్లకు తగులుతాయి. మూడోసారి అరగంట నిలబడ్డాను.

తర్వాత మా అమ్మాయి. చున్నీ తీసి నాకిచ్చి, చుడీదారు మీదనే జాకెట్టు కట్టుకుంది. వాడు మెడలోతు నీటిలో పలక పట్టుకుని నడిచాడు. పిల్ల తేలిక, భయం తక్కువ. నేను అరగంటకు నేర్చింది అది పది నిమిషాలకు నేర్చింది. పలక మీద అది నిటారుగా నిలబడి కొండల వైపు పోతుంటే సంతోషమే వేసింది గానీ, ఆ జాకెట్టు లేకపోతే ఈ పిల్ల ఆ నీటిలో ఒక నిమిషం కూడా బ్రతకదన్న తలంపు నన్ను వదలలేదు. పలక నేర్చుకోవడం సులభం. అందులోనే ప్రమాదమంతా ఉంది. ఈత రానివాడు కూడా పది నిమిషాలలో నడినీటికి పోగలడు.

పులివెందుల దారిలో ముద్దనూరు దాటాక చీనీతోటలు, మధ్యమధ్య నల్లరేగడి. పార్నపల్లె దగ్గర చిత్రావతి రిజర్వాయరు. అక్కడ బోటు షికారుకు రేవు 2022 డిసెంబరులో ప్రారంభమైంది. సాయంత్రం నాలుగింటికి వెళ్లాము. మైలవరంలో అద్దంలాంటి నీరు చూసి వచ్చిన మాకు ఇక్కడ గాలి ఎదురైంది. జానెడు ఎత్తు అలలు, దగ్గర దగ్గరగా. గాలితో పోతే బాగుంది. తిరిగి రాబోతే ఒక బార ముందుకు, అర బార వెనక్కు. గాలికొట్టిన పలక నీటిపై ఎత్తుగా తేలుతుంది. మనిషి దాని మీద తెరచాపలాగా నిలబడతాడు. అటువంటప్పుడు నిలబడడం మాని మోకాళ్ల మీదికి దిగాలి, అవసరమైతే బోర్లా పడుకుని చేతులతో ఈదాలి. నేను మోకాళ్ల మీదనే వచ్చాను. గట్టు మీద గొర్రెలు కాసే తాత ఒకాయన, "పుట్టి అయితే ఇట్లా పడదు నాయనా" అన్నాడు. ఆయన మాట నిజం. గుండ్రని పుట్టి నలుగురిని, ఒక గొర్రెను కూడా మోస్తుంది. కాకపోతే అది తిరుగుతుంది, ఇది నేరుగా పోతుంది.

ఇక అలల సంగతి. పలక మన చెరువులకేనా, సముద్రానికి కూడా పనికొస్తుందా అని చూడాలి గదా. సెప్టెంబరు మొదటి వారంలో ఎర్రగుంట్లలో రైలెక్కి మద్రాసు వెళ్లాము. అక్కడి నుండి తీరం వెంబడి దక్షిణంగా కోవళం. జాలరుల పల్లె. అక్కడి జాలరి యువకులు అలల మీద ఆటను నేర్పుతారు. మా పలకను చూసి వాళ్లలో ఒకడు నవ్వి, దాని పక్కన తమ పలక నిలబెట్టాడు. రెండింటినీ అట్లా పక్కపక్కన పెట్టి చూస్తే గానీ తేడా తెలియదు.

వాళ్లది ఎనిమిదిన్నర అడుగులు, 30 అంగుళాల వెడల్పు. గాలిది కాదు. లోపల నురుగు దిమ్మ, పైన గాజునార, జిగురు. మాదానికి అంచులు గుండ్రం, వాళ్లదానికి అంచు తోక దగ్గర కత్తిలాగా పలచన. మాది బల్లపరుపు, వాళ్లది ముక్కు బాగా పైకి లేచి ఉంది. ఇక తేలడం. మాది ఇంచుమించు 300 లీటర్ల పలక, వాళ్లది 120. ఒక లీటరు చోటు ఇంచుమించు ఒక కిలో బరువును తేలుస్తుందని లెక్క. నా 78 కిలోలు, పలక బరువు 9 పోగా మాదానికి ఇంకా 213 మిగిలింది. వాళ్లదానికి, పలక 8 కిలోలు, మిగిలింది 34. అందుకే మాది బెండులాగా తేలుతుంది, వాళ్లది నా కింద మడుగులో దున్నపోతులాగా మునిగి నిలబడింది. కదలకుండా దాని మీద నిలబడడం నా వల్ల కాలేదు. కదులుతూ ఉంటేనే అది నిలుస్తుంది.

మరి అంత కష్టమైనది ఎందుకు? అల వచ్చినప్పుడు తెలుస్తుంది. గాలి వీస్తే జొన్నచేను మీద అలలు పోతాయి చూడండి. కంకి ఉన్నచోటనే వంగి లేస్తుంది, పోయేది వంపు మాత్రమే. సముద్రంలోనూ అంతే. లోతు తగ్గి, అల ఎత్తుకు ఒకటింబావు రెట్ల దగ్గరికి వచ్చేసరికి అడుగు నేలకు ఆగి, పైభాగం ముందుకు దొర్లుతుంది. అట్లా విరగక ముందే నాలుగు బారలు గట్టిగా వేసి అల వేగాన్ని అందుకోవాలి. అప్పుడు పలక ఆ వాలు మీద జారుతుంది. మా బల్లపరుపు పలక ముక్కు ఆ వాలులో నీటిలోకి గుచ్చుకుని నన్ను తలకిందులుగా విసిరింది. ఆరుసార్లు అదే. వాళ్ల పలక లేచిన ముక్కు గుచ్చుకోదు, పలచని అంచు అల గోడను పట్టుకుని పక్కకు తిరుగుతుంది. నేను దాని మీద మోకాళ్లతోనే ఒక అల పట్టుకున్నాను. మా అల్లుడు నిలబడి మూడు పట్టాడు. నా తీర్పు అడిగితే, అలల కోసం అలల పలకే. గాలి పలక సముద్రానికి చాలదు. మన జలాశయాలకు అలల పలక దండుగ. రెండింటికీ ఒకటే పలక అని చెప్పి అమ్మేవాని మాట నమ్మకండి.

అక్కడ ఇంకొక సంగతి కూడా నేర్పారు. నేల మీది నుండి సముద్రం వైపు గాలి వీచే రోజున అలలు అందంగా, నీరు నున్నగా ఉంటుంది. కొత్తవాడు దిగకూడని రోజు అదే. తిరిగి రాలేడు. విరిగిన అల ఎదురొచ్చినప్పుడు పలకను తనకూ అలకూ నడుమ పెట్టుకోరాదు, ముఖం పగులుతుంది.

ఆ జాలరి కుర్రవాళ్లకు ఇది కొత్త విద్యగా నాకు తోచలేదు. వాళ్ల తాతలు కట్టుమరం మీద ఇదే చేశారు. మన తీరంలో దాన్నే తెప్ప అంటాము. నాలుగైదు మొద్దులు తాడుతో కట్టి, తెడ్డుతో విరిగే అలలను దాటి పోయి, చేపలతో అల మీదనే జారి ఒడ్డుకు వచ్చేవారు. లెబానోను మ్రానులను హీరాము తెప్పలుగా కట్టించి సముద్రం మీద పంపాడని మన బైబిలులో చదువుతాము. ఆ తెప్పే ఇది. ఇప్పుడు చాలా చోట్ల ఫైబరు పడవలు, ఇంజన్లు వచ్చి తెప్పలు తగ్గిపోయినాయి.

నిలబడి తెడ్డు వేసే ఈ ఆట హవాయి దీవులలో, అలల ఆట నేర్పే గురువులు శిష్యులను కనిపెట్టుకోవడానికి పెద్ద పలకల మీద నిలబడినప్పటిది. 2000 తర్వాత లోకమంతా పాకింది. లోకసంబంధమా అని అడిగిన పెద్దాయన కోసం ఒక మాట. 1820లో హవాయికి వచ్చిన అమెరికా మిషనరీలు అలల ఆటను మెచ్చుకోలేదు. దాని వెంట నడిచిన జూదం, దిగంబరత్వం వారికి గిట్టలేదు. వారే ఆ ఆటను చంపారని కొందరంటారు. బయటి నుండి వచ్చిన రోగాలతో ఆ ప్రజలే వేలుగా చనిపోయారన్నది కూడా మరువరాదు. పలకలో పాపం లేదని నా అభిప్రాయం. ఆదివారం ఆరాధన ఎగ్గొట్టి పోతే అది వేరే సంగతి.

ఆయనకు నేను చూపించింది అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము. ఓడలో 276 మంది. ఓడ బద్దలవుతున్నప్పుడు ముందు దూకమన్నది ఈత వచ్చినవారిని. తక్కినవారు పలకలు, ఓడ చెక్కలు పట్టుకుని వచ్చారు. అందరూ ఒడ్డు చేరారు. దేవదూత ముందే మాట ఇచ్చినా, ఈత వచ్చినవారు ఈదవలసే వచ్చింది. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పడవ మునిగింది. 2021 నవంబరు 19న మన చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి పులపుత్తూరు, మందపల్లి, తొగూరుపేటలను ముంచింది. అంతటి వరదకు ఈత కూడా చాలదు, ఒప్పుకుంటాను. ఇసుక గుంతకు, చెరువుకు, కాలువకు చాలుతుంది.

పెద్దలు ఇట్లా నిర్ణయించారు. కూటానికి పలక రావచ్చు. అనుమతి ఉన్న చోట, గాలి లేని ఉదయపు వేళ, ఒక్కసారి ఒక్కరే, జాకెట్టు లేకుండా ఎవరూ గట్టు దిగరాదు. గట్టు మీద ఈతగాళ్లు ఇద్దరు, పొడుగాటి తాడు ఒకటి. కూటానికి ముందు, ఆ తర్వాత కూడా, శనివారం శనివారం ఈత. ఆడపిల్లలకు ఈత ఎందుకని ఒకరన్నారు. ఇసుక గుంతకు ఆడా మగా తెలియదని మా అక్కే లేచి చెప్పింది, ఎవరూ బదులు పలకలేదు. ఎర్రగుంట్ల దగ్గర ఒక విశ్వాసి చేనిలో ఇంకా నీళ్లున్న మోటబావి ఉంది, మెట్లున్నది. కాలువ వచ్చాక ఊట తిరిగి పెరిగిందట. ముళ్లకంప తీసి, పాచి కడిగి, అడుగున గాజుపెంకులు లేకుండా చూశాము. ఆడపిల్లలకు ఉదయం, తల్లులు గట్టున కూర్చుంటారు. మగపిల్లలకు సాయంత్రం.

సొరకాయ బుర్రల కోసం మా అవ్వ అటక వెతికించింది. ఒకటి దొరికింది, అదీ పగిలింది. దొడ్లో విత్తనం వేశాము. కాయ ముదిరి ఎండేదాకా, మూత గట్టిగా బిగించిన అయిదు లీటర్ల నూనె క్యాన్లు రెండేసి నడుముకు కడుతున్నాము.